ఎడమచేతి నరం

మా డయాలసిస్ యూనిట్‌కి కొత్తగా వచ్చిన మనిషిని నేను ముందు అడిగేది మూత్రం ఎంత వస్తోందని కాదు, ఏ చేత్తో పని చేస్తారని. అన్నం ఏ చేత్తో తింటారంటే లాభం లేదు. మనవాళ్లలో ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు కూడా కుడిచేత్తోనే తింటారు. సుత్తి ఏ చేత్తో పడతారు, స్పానరు ఏ చేత్తో తిప్పుతారు అని అడగాలి. పని తక్కువ చేసే చెయ్యి ఏదో తెలిశాక చొక్కా మడిచి, మోచేతి పైన రబ్బరు పట్టీ కట్టి, మణికట్టు దగ్గర్నుంచి నరం మీద వేలు పెట్టి పైకి జరుపుకుంటూ పోతాను. ఇంతకాలం ఎన్నిసార్లు సెలైన్ ఎక్కించారో, ఎన్నిసార్లు రక్తం తీశారో ఆ చెయ్యే చెప్పేస్తుంది. కొందరికి నరం నొక్కినా అణగదు, గట్టిపడిపోయి ఉంటుంది. కొందరికి సగం దూరం వచ్చి మాయమవుతుంది.

కిడ్నీ జబ్బని తీసుకొస్తే ఈవిడ చెయ్యి చూస్తుందేమిటని పక్కనున్న రూమ్మేటు అనుమానంగా నిలబడతాడు. నిజానికి ఈ పనిలో మా చేతికి చిక్కేది రక్తనాళమే. కిడ్నీ పనిలో కొంత మిషను చేసిపెడుతుంది. యూరియా తీస్తుంది, నీరు తీస్తుంది, పొటాషియం దించుతుంది. రక్తనాళం పాడైతే దాని బదులు పనిచేసే మిషను ఏదీ లేదు. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉండి పోయినవాళ్లలో ఎక్కువమంది గుండెపోటుతోనో, పక్షవాతంతోనో, ఉన్నట్టుండి గుండె ఆగిపోయో పోయారు. నేను చూసింది అదే, దేశదేశాల డయాలసిస్ లెక్కలు చెప్పేదీ అదే.

నాది ఉద్దానం, కవిటి మండలం. విశాఖలో నర్సింగ్ చదువుకుని, అక్కడే డయాలసిస్ వార్డులో పని నేర్చుకుని అజ్మాన్ వచ్చాను. ఏడు ఎమిరేట్లలో ఇదే చిన్నది. ఒకవైపు సముద్రం, మిగతా మూడువైపులా షార్జా. అద్దెలు తక్కువని దుబాయిలో ఉద్యోగం చేసేవాళ్లు కూడా ఇక్కడ నుఐమియాలోనో రాషిదియాలోనో గది తీసుకుని, పొద్దున్నా సాయంత్రం రోడ్డు మీద ట్రాఫిక్‌లో నలుగుతుంటారు. జర్ఫ్ వైపు పారిశ్రామికవాడ, రేవు పక్కన ఓడలు బాగుచేసే యార్డు, ఎటు చూసినా లేబర్ క్యాంపులు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు మేస్త్రీలు, డ్రైవర్లు, మా శ్రీకాకుళం వైపు వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు ఎక్కువ. కోనసీమ వాళ్లు, కడప వాళ్లు కూడా కనబడతారు. మా యూనిట్‌లో నర్సులు చాలావరకు మలయాళీలు. తెలుగు పేషెంటు వస్తే ఎవరి బెడ్డయినా నన్నే కేకేస్తారు.

ఆ వచ్చేవాళ్లు కిడ్నీ అని రారు. ఆయాసమనో, గ్యాస్ట్రిక్ అనో, పొద్దున లేస్తే వాంతులనో వస్తారు. చూస్తే బీపీ 200 దాటి ఉంటుంది, హిమోగ్లోబిన్ 6, క్రియాటినిన్ 12. స్కానులో రెండు కిడ్నీలూ చిన్నవైపోయి కనిపిస్తాయి. చిన్నవైపోయాయంటే జబ్బు నిన్నా మొన్నా వచ్చింది కాదు, ఏళ్లుగా లోపల నడుస్తోంది. "వీసా మెడికల్‌లో పాసయ్యాను కదా సిస్టర్" అంటారు. ఇక్కడ వీసా కోసం తీసే రక్తం, ఛాతీ ఎక్స్‌రే అంటువ్యాధులు పట్టుకోవడానికి. బీపీ, షుగరు ఎవరికి వాళ్లు చూపించుకోవలసిందే. తలనొప్పి వస్తే ఎండదెబ్బ అనుకుని నొప్పి మాత్ర వేసుకుని మళ్లీ సైటుకి పోయినవాళ్లే ఎక్కువ. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. మంచిదే. కానీ పొద్దున పదింటికి కూడా ఒళ్లంతా చెమటే. నీళ్లు చాలని ఒంట్లోకి రోజూ నొప్పి మాత్ర పోతే కిడ్నీకి రక్తం అందడమే తగ్గిపోతుంది. 2025 జనవరి 1 నుంచి అజ్మాన్‌లో కూడా ప్రైవేటు ఉద్యోగులకి ఆరోగ్య బీమా తప్పనిసరి చేశారు. కనీస పాలసీ ఏడాదికి 320 దిర్హాములు. దాని పుణ్యమా అని మనవాళ్లు కాస్త ముందుగా క్లినిక్ గడప తొక్కుతున్నారని నాకనిపిస్తోంది.

కిడ్నీకీ రక్తనాళానికీ ఉన్న చుట్టరికం అర్థం కావాలంటే కిడ్నీ అంటేనే రక్తనాళాల ఉండ అని గుర్తుంచుకోవాలి. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదోవంతు కిడ్నీలకే పోతుంది. ఒక్కో కిడ్నీలో పది లక్షల దాకా వడపోత ముడులున్నాయి, ఒక్కో ముడీ సన్నని నాళాల చుట్టే. బీపీ పెరిగితే ఆ ముడులు దెబ్బతింటాయి. అవి దెబ్బతింటే కిడ్నీ ఉప్పునీ నీటినీ వదల్లేక, రెనిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా విడిచి, బీపీని ఇంకా పెంచుతుంది. ఏది ముందు మొదలైందో చాలామంది పేషెంట్ల విషయంలో డాక్టర్లు కూడా తేల్చి చెప్పలేరు. అప్పటికి రెండూ పాడయ్యాకే మనిషి వస్తాడు మరి.

ఇంకా లోతుకి పోతే, నాళం లోపలి గోడకి ఒకే కణం మందాన పొర ఒకటి ఉంది. ఎండోథీలియం అంటారు. రక్తం ఒరుసుకుంటూ పోతున్నప్పుడు ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుస్తుంది, గోడలోని కండరం సడలుతుంది, నాళం విచ్చుకుంటుంది. ఈ సంగతి తేల్చినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురికి 1998లో నోబెల్ ఇచ్చారు. అంతకు ఆరేళ్ల ముందే, 1992లో, ఇంగ్లండులో వాలెన్స్, మొంకాడా బృందం లాన్సెట్ పత్రికలో ఒక సంగతి రాసింది. కిడ్నీలు పనిచేయనివాళ్ల రక్తంలో ఏడీఎంఏ అనే పదార్థం బయటికి పోక పేరుకుంటోందని, అది ఈ నైట్రిక్ ఆక్సైడ్ తయారీకే అడ్డం పడుతోందని. అంటే నాళానికి విచ్చుకోమని చెప్పే మాటే అందకుండా పోతోంది. దానికి తోడు పేగుల్లోని బ్యాక్టీరియా చేతుల్లో పుట్టే ఇండాక్సిల్ సల్ఫేట్ లాంటివి కొన్ని ఉన్నాయి. మామూలు మనిషిలో కిడ్నీ వాటిని మూత్రంలోకి తోసేస్తుంది. అవి రక్తంలోని ఆల్బుమిన్‌ను అంటిపెట్టుకుని తిరుగుతాయి కాబట్టి మా ఫిల్టరు రంధ్రాల్లోంచి సరిగ్గా పోవు. యూరియా రిపోర్టు బాగా వచ్చిన పేషెంటుకి కూడా నాళం చెడుతూనే ఉండడానికి ఇదొక కారణం. రిపోర్టు పట్టుకుని "క్రియాటినిన్ దిగింది చూడు సిస్టర్" అని సంబరపడేవాళ్లకి ఈ సంగతి ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. అవునన్నా అంటాను.

ఇక ఎడమచేతి దగ్గరికి వద్దాం. డయాలసిస్‌కి నిమిషానికి 300 మిల్లీలీటర్ల రక్తం బయటికి రావాలి, శుభ్రపడి లోపలికి పోవాలి. మామూలు చేతినరం అంత ఇవ్వదు. ధమనిలో ఒత్తిడి ఉంటుంది కానీ అది లోతుగా ఉంటుంది, వారానికి మూడుసార్లు గుచ్చడానికి పనికిరాదు. ఈ చిక్కుకి దారి చూపినవాళ్లు న్యూయార్క్ బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రి డాక్టర్లు చిమినో, బ్రెసియా, సర్జన్ అపెల్. మణికట్టు దగ్గర ధమనిని పక్కనున్న నరానికి కుట్టేస్తే ధమని వేగం నరానికి వస్తుందని 1966లో ప్రకటించారు. చిమినో చదువుకునే రోజుల్లో బెల్‌వ్యూ ఆసుపత్రిలో రక్తం తీసే పని చేశాడట. నరాల గురించి ఆలోచించడం సూది పట్టిన చేతికే తడుతుందని నేను మా పిల్లల దగ్గర గొప్పలు పోతుంటాను. అరవై ఏళ్లయినా దీనికంటే మంచిది ఇంకోటి రాలేదు. ఫిస్టులా అంటే అదే. మనవాళ్లు చేతి ఆపరేషన్ అంటారు.

ఆపరేషన్ చిన్నదే. చేతికి మాత్రం మత్తిచ్చి చేస్తారు, సాయంత్రానికి గదికి పోవచ్చు. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. ఆపరేషన్‌కి ముందు ఆ ధమనిలో నిమిషానికి పాతిక ముప్పై మిల్లీలీటర్ల రక్తం పారుతుంది. కొద్ది వారాల్లో అది 600 దాటాలి. నరం వెడల్పు 6 మిల్లీమీటర్లకి రావాలి, చర్మానికి 6 మిల్లీమీటర్ల లోపు లోతులో ఉండాలి, 6 వారాల్లో ఇదంతా జరగాలి. ఆరుల లెక్క అని మా వాళ్లందరికీ కంఠతా వచ్చు. ఇలా జరగాలంటే వేగంగా వచ్చే రక్తం తాకిడికి ఆ లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ విడవాలి, ధమనీ నరమూ రెండూ విచ్చుకోవాలి. ఏ శక్తిని ఈ జబ్బు చెడగొట్టిందో ఆ శక్తినే మనం ఆ నాళాన్ని అడుగుతున్నామన్నమాట. అందుకే కొందరికి ఎంత మంచి సర్జన్ చేసినా ఫిస్టులా ఎదగదు. కుట్టుకి కాస్త పైన గోడ లోపలివైపు మందమెక్కి దారి సన్నబడిపోతుంది. 2008లో అమెరికాలో అచ్చయిన ఒక పెద్ద పరిశీలనలో కొత్తగా చేసిన ఫిస్టులాల్లో పదింట ఆరు అనుకున్న గడువుకి డయాలసిస్‌కి పనికిరాలేదు. మన కుర్రవాళ్ల చేతుల్లో ఫలితం దానికంటే మెరుగ్గా ఉంటుంది, షుగరున్న పెద్దవాళ్లలో కాదు.

సోంపేట వైపు వెల్డరు కుర్రాడొకడు ఆపరేషన్ అయిన వారానికి యూనిట్‌కి వచ్చాడు.

"అక్కా, ఈ సెయ్యి తలకింద పెట్టుకుంటే నిద్దర రాట్లేదు. గుయ్యిమంటాది."

"తలకింద పెట్టుకోకూడదమ్మా, నరం నొక్కుకుంటది. గుయ్యిమంటే మంచిదే. ఆ మోత ఆగిన రోజు అర్ధరాత్రయినా ఫోను చెయ్యి."

"ఆగితే ఏటవుతాది?"

"లోపల రక్తం గడ్డకట్టిందని. వెంటనే వస్తే డాక్టర్లు తీసి దారి చేస్తారు. రెండ్రోజులు ఊరుకుంటే మళ్లీ మొదట్నుంచి."

అతనికి బంతి ఇచ్చి నొక్కుతూ ఉండమన్నాం. బంతి బస్సులో పోగొట్టుకుని, వెల్డింగ్ గ్లవ్సు చుట్టచుట్టి అదే నొక్కాడు. నరం బాగా లేచింది. ఆ చేతికి వాచీ వద్దు, బరువులొద్దు, బీపీ పట్టీ కట్టించుకోవద్దు, సూది వేయించుకోవద్దు అని చెప్పి పంపుతాం. బరువులొద్దంటే మాత్రం ఎవరూ పలకరు. బరువు ఎత్తకపోతే ఇక్కడ ఉద్యోగమేమిటి?

ఫిస్టులా ఎదిగాక సూది వెయ్యడం నా పనిలో నాకు ఇష్టమైన భాగం. ముందు పేషెంటు సబ్బుతో చెయ్యి కడుక్కోవాలి. తర్వాత నేను వెలుతురులో చూస్తాను, ఎరుపు ఉందా, వాపు ఉందా, కిందటిసారి సూది పడిన చోట పొక్కు ఉందా అని. మూడు వేళ్లు కుట్టు మీద పెడితే లోపల వణుకు తెలియాలి. పైకి పోతుంటే అది మెల్లగా తగ్గాలి. వణుకు బదులు కొట్టుకుంటున్నట్టు టక్ టక్‌మని తగిలితే పైన ఎక్కడో దారి సన్నబడిందని లెక్క. అప్పుడు చెయ్యి పైకెత్తమంటాను. మంచి ఫిస్టులా అయితే ఎత్తగానే నరం అణిగిపోతుంది. అణగకుండా ఉబ్బుగానే ఉంటే రక్తం గుండెవైపు పోవడానికి ఇబ్బంది పడుతోంది. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు, అరనిమిషం పట్టదు. స్టెత్ పెట్టి వింటే మంద్రంగా, ఆగకుండా ఒకే మోత వినబడాలి. ఈలలా సన్నగా వినబడిన చోట సూది వెయ్యను, డాక్టరుకి చెబుతాను.

కొత్త చేతికి సన్నసూది, 17 గేజి. కుదురుకున్నాక 16, తర్వాత 15. చర్మం లాగిపట్టి, పాతిక డిగ్రీల వాలులో దించితే ట్యూబులోకి ఎర్రగా రక్తం ఎగదన్నుతుంది. వెంటనే సూదిని వాల్చి, కొద్దిగా ముందుకి జరిపి, టేపు. కిందిది రక్తం తీసే సూది, పైది తిరిగి పంపే సూది. పంపు నెమ్మదిగా మొదలుపెట్టి 300కి తెస్తాం. మిషను తెర మీద వీనస్ ప్రెషర్ అని ఒక అంకె ఉంటుంది, తిరిగి పోయే రక్తానికి ఎంత అడ్డు తగులుతోందో అది చెబుతుంది. ఒక్కరోజు పెరిగితే సూది గోడకి ఆనిందనుకోవచ్చు. అదే స్పీడులో వారం వారం పెరుగుతూ పోతుంటే మాత్రం నాళం మూసుకుంటోంది. అలారం మోగితే అందరూ పరిగెత్తుకొస్తారు. మోగకుండా పాకుతూ పెరిగే అంకెను చూసేవాళ్లు తక్కువ. నేను మా కొత్తపిల్లల్ని తిట్టేదంతా దీని గురించే.

పేషెంట్లందరూ అడిగేది ఒకటే, "నిన్న గుచ్చిన చోటే గుచ్చు సిస్టర్, అక్కడ నొప్పి లేదు." నిజమే, గుచ్చి గుచ్చి అక్కడ చర్మం మొద్దుబారుతుంది. గోడ కూడా పలచబడి అక్కడే ఉబ్బుతుంది. ఉబ్బు మధ్యలో చర్మం మెరుస్తోందంటే అది పగిలే ప్రమాదముంది. కొంచెం కొంచెం జరుపుకుంటూ పోవాలి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. ఫిస్టులా ఎందుకు, మెడలో వేసిన డయాలసిస్ పైపుతోనే ఏళ్లు లాగేద్దామనేవాళ్లతో కూడా నాకు ఎప్పుడూ గొడవే. పైపు అంటే ఇన్‌ఫెక్షన్‌కి తలుపు తీసిపెట్టడం. పైగా అది ఒరుసుకున్న పెద్దనరం సన్నబడితే ఆ వైపు చేతికి చేసిన ఫిస్టులా కూడా దెబ్బతిని చెయ్యంతా వాస్తుంది.

జగిత్యాల వైపు ట్రైలర్ డ్రైవరొకాయన, షుగరొచ్చి చాలా ఏళ్లయింది. ఫిస్టులా చెయ్యడానికి ముందు చేతికి ఎక్స్‌రే తీశారు. మోచేతి కింద రెండు ఎముకలుండాలి కదా. వాటి పక్కన ఇంకో జత సన్నని తెల్లగీతలు మణికట్టు దాకా దిగాయి. అవి ధమని గోడలు. ఎక్స్‌రేలో రక్తనాళం కనబడకూడదు, కనబడిందంటే గోడలో కాల్షియం చేరింది. ఆపరేషన్ చేసిన సర్జన్ ఆ రోజు కుట్టుసూది గోడలోకి దిగడానికి మొరాయించిందన్నాడు. చివరికి మోచేతి దగ్గర చెయ్యాల్సి వచ్చింది.

కెటిల్ అడుగున ఉప్పునీళ్ల పెచ్చు కట్టినట్టు రక్తనాళంలో సున్నం పేరుకుంటుందని మేమే చాలాకాలం పేషెంట్లకి చెప్పేవాళ్లం. పోలిక తేలిగ్గా అర్థమవుతుంది కానీ సంగతి అది కాదు. పెచ్చు తనంతట తాను పడుతుంది. ఇక్కడ నాళం గోడలో ఉన్న కండరకణమే వేషం మార్చి ఎముక కట్టే కణంలా పనిచెయ్యడం మొదలుపెడుతుంది. దాన్ని అటు తోసేదాంట్లో ముఖ్యమైనది ఫాస్ఫరస్. కిడ్నీ బాగుంటే ఎక్కువైన ఫాస్ఫరస్ మూత్రంలో పోతుంది. లేకపోతే రక్తంలో నిలుస్తుంది. వారానికి మూడుసార్లు మిషనెక్కినా మనం తిన్నదంతా తీయడం మిషను వల్ల కాదు. అందుకే సెవెలమర్ లాంటి మాత్రలు ఇస్తారు. అవి అన్నంతో పాటు వేసుకుంటేనే పని, తిన్నదాంట్లోని ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టుకుంటాయి. మనవాడి మాత్రలు గదిలో మంచం కింద పెట్టెలో ఉంటాయి, వాడు సైటులో డబ్బా విప్పి తింటుంటాడు. సాయంత్రం డబ్బాపాలతో చిక్కగా కాచిన కరక్ చాయ్, చీజు రాసిన పరోటా చుట్ట, చల్లగా ఒక నల్ల కూల్‌డ్రింకు. మూడింటిలోనూ ఫాస్ఫరస్సే. ఒక దిర్హాము చాయ్ మానెయ్యమని చెప్పడానికి నాకే నోరు రాదు, సగం తాగమంటాను.

ఆ డ్రైవరన్నని గుండె డాక్టరు దగ్గరికి పంపితే నా మీద కోపమొచ్చింది.

"చెల్లె, కిడ్నీలు ఖరాబైనయంటే ఒప్పుకున్న. మల్ల గుండె డాక్టరు తానికి ఎందుకు తోలుతున్నవ్? నాకు గుండెల నొప్పే లేకపాయె."

"నొప్పి లేకపోయినా నాళాలు గట్టిపడ్డాయన్నా. గుండె రోజంతా ఆ గట్టి గొట్టాల్లోకే కొట్టాలి. దానికి కండ మందమయింది, ఎకోలో కనబడింది."

ఇది నేను ఊరికే అన్నమాట కాదు. గుండె కొట్టినప్పుడు పెద్దధమని సాగి, మళ్లీ ముడుచుకుంటూ రక్తాన్ని ముందుకు పంపాలి. అది గట్టిపడితే పైబీపీ ఎగురుతుంది, కిందిబీపీ పడిపోతుంది, గుండె గోడకే రక్తం తక్కువగా అందుతుంది. పెద్దధమని ఎంత గట్టిపడితే డయాలసిస్ రోగి బతుకు అంత తగ్గుతోందని 1999లో ఫ్రాన్స్‌లో గెరార్ లండన్ బృందం కొలిచి చూపించింది. ముప్ఫై ఏళ్లు నిండని డయాలసిస్ రోగుల గుండెధమనుల్లో కూడా కాల్షియం కనబడిందని 2000లో అమెరికాలో గుడ్‌మన్ బృందం రాసింది. పాతికేళ్ల డయాలసిస్ రోగికి గుండెజబ్బుతో పోయే ముప్పు ఎనభై దాటిన మామూలు మనిషికి ఉన్నంత ఉంటుందని 1998 నాటి అమెరికా లెక్క. నా సోంపేట కుర్రాడికి ఆ అంకె నేను చెప్పలేదు, చెప్పను కూడా.

డ్రైవరన్నకి కాలు చల్లబడి, వేలి మీద పుండు మానకపోతే ఎక్కడో క్లినిక్‌లో చీలమండ దగ్గర బీపీ చూసి చేతికంటే చాలా ఎక్కువుంది, రక్తం బాగానే పోతోందన్నారట. గట్టిపడిన నాళం పట్టీ ఒత్తిడికి లొంగదు, అందుకే అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. బొటనవేలి దగ్గర కొలిస్తే అసలు రంగు బయటపడింది. షుగరూ కిడ్నీ జబ్బూ కలిసున్న మనిషిలో చీలమండ బీపీని నమ్మకూడదు.

మాకు రెండు బ్యాచీలు, శని సోమ బుధ, ఆది మంగళ గురు. శుక్రవారం సెలవు. కాబట్టి ప్రతి పేషెంటుకీ వారంలో ఒకసారి రెండురోజుల ఎడం వస్తుంది, ఆ ఎడం మధ్యలోనే శుక్రవారం బిర్యానీ ఉంటుంది. శనివారం పొద్దున తూకం మీద నిలబడితే నాలుగు కిలోలు ఎక్కువ. ఆవకాయ, ఎండుచేప, మళ్లీ వాటి దాహానికి నీళ్లు. 60 కిలోల మనిషికి 4 గంటల్లో 3 లీటర్లకి మించి లాగితే ఒళ్లు తట్టుకోదు. మామూలు మనిషికి ఒంట్లో నీరు తగ్గుతుంటే నాళాలు ముడుచుకుని బీపీని నిలబెడతాయి. వీళ్ల నాళాలకి ఆ చురుకు పోయింది. మూడోగంటలో ఆవలింతలు, చెమట, పిక్కలు పట్టేసి కేక, బీపీ 80. మంచం తలవైపు దించి, నీరు తీయడం ఆపి, కాస్త సెలైన్ ఇస్తాం. తీసిన నీటిలో కొంత మళ్లీ మేమే పోస్తామన్నమాట. రంజాను నెలలో దీనికి ఖర్జూరాలు కలుస్తాయి. ఉపవాసం లేనివాళ్లకి కూడా అందరూ పంచిపెడతారు. నాలుగు ఖర్జూరాల్లోని పొటాషియం మీద ఒక పెద్దాయనతో నేను పెట్టుకున్న వాదన మా యూనిట్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఊళ్లో మావాళ్ల కిడ్నీలకీ ఇక్కడి పేషెంట్ల కిడ్నీలకీ ఒక తేడా ఉంది. ఉద్దానంలో పెద్దవాళ్లలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి కిడ్నీ పని తగ్గిందని అక్కడ జరిగిన సర్వేలు తేల్చాయి. కారణం ఇదీ అని ఇంకా ఎవరూ నిలబెట్టలేదు. చాలామందికి షుగరుండదు, బీపీ కూడా మొదట్లో మామూలుగానే ఉంటుంది, కాళ్లవాపు రాదు, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. జీడితోటలో, కొబ్బరితోటలో పనిచేసుకుంటూనే ఉంటారు. పరీక్ష చేస్తే క్రియాటినిన్ 8. నేను పట్టుకున్న చేతుల మటుకు చెప్పాలంటే, అలాంటివాళ్ల ధమనులు మొదట్లో మెత్తగా ఉంటాయి, ఫిస్టులా ఒకటో ప్రయత్నంలోనే ఎదుగుతుంది. షుగరుతో వచ్చినవాళ్ల నాళం డయాలసిస్ మొదలయ్యేనాటికే సగం పోయి ఉంటుంది. కానీ ఆ మెత్తదనం ఎన్నాళ్లు నిలుస్తుందనేది ఆ తర్వాత వేసుకునే మాత్రల మీద, తాగే నీటి మీద, ఎగ్గొట్టని డయాలసిస్ షిఫ్టుల మీద ఉంటుంది. మన దగ్గర మంచి సౌకర్యం రాలేదని అనలేం. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. సోంపేటలో, కవిటిలో డయాలసిస్ ఉంది.

అందుకే ఇక్కడ డయాలసిస్ మొదలైన మనవాళ్లలో ఎక్కువమంది కుదురుకున్నాక ఇంటికి వెళ్లిపోతారు. షార్జా నుంచి హైదరాబాదు విమానానికి టికెట్టు డయాలసిస్ అయిన మర్నాటికి తీసుకోమంటాం. వెళ్లేముందు ఒక కాగితం ఇస్తాను. నీరంతా తీశాక ఉండాల్సిన బరువు, హెపారిన్ డోసు, హెపటైటిస్ రిపోర్టులు, వాడిన ఫిల్టరు, చివరి డయాలసిస్ తేదీ. ఇవన్నీ కంప్యూటరే ఇస్తుంది. దాని వెనక పెన్నుతో నేను చెయ్యి బొమ్మ వేస్తాను. కుట్టు ఎక్కడుంది, రక్తం ఎటు పోతోంది, నరం ఎక్కడ వంపు తిరిగింది, సూదులు ఎక్కడెక్కడ దిగుతున్నాయి, ఎక్కడ వెయ్యకూడదు, అన్నీ అందులో ఉంటాయి. కొత్తచోట టెక్నీషియన్‌కి ఆ చెయ్యి తెలియదు. మొదటి రెండు సిట్టింగుల్లో తప్పుచోట గుచ్చితే లోపల రక్తం కారి చెయ్యంతా నల్లబడి, కష్టపడి ఎదిగిన నాళం పోతుంది.

సోంపేట కుర్రాడు ఆ కాగితంతోనే ఊరికి పోయాడు. అక్కడి యూనిట్ టెక్నీషియన్ ఫోన్ చేశాడు, "మేడమ్, బొమ్మలో మోచేతి కింద ఈ నల్లచుక్క ఏంటండీ?" అని. అది పాత ఉబ్బు, అక్కడ వెయ్యకండి అన్నాను. కొన్నాళ్లకి అదే బొమ్మ మీద తన సూదుల గుర్తులు పెట్టి వాట్సాప్‌లో పంపాడు, పక్కన ఒక్కో వారం వీనస్ ప్రెషర్ అంకె రాసి. మొదటి వారం 130, తర్వాత 150, తర్వాత 185. చెయ్యి పైకెత్తితే నరం అణుగుతోందా అని అడిగాను. సగమే అణుగుతోందన్నాడు. డాప్లర్ స్కాన్ తీయించండి, వచ్చే వారానికి వాయిదా వెయ్యకండి అన్నాను. శ్రీకాకుళంలో సోమవారానికి రాయించాడు.